మొదటి రోజా

రెడ్డెప్ప బొరుగుల బట్టీ ఆరిపోయిందని పుంగనూరులో కళ్లనీళ్లు పెట్టుకున్న మనిషి ఒక్కతే ఒక్కతి, గిన్నెలకు కళాయి పూసే గఫూరు పెండ్లాం కాసింబీ. మిగతా ఊరికి అదొక వార్తా? జపాను వాడు బర్మాను పట్టుకున్నాక అక్కడి బియ్యం రావడం మానేశాయి. ఇక్కడ పండినవి లెవీకి పోతున్నాయి. నూకల గంజికే దిక్కులేని కాలంలో బొరుగుల మాట ఎవరికి కావాలి? కాసింబీకి కావాలి. ఆమె కూతురు, ఏడేళ్ల మైమూనా, ఈ భూమ్మీద తినే తిండి అదొక్కటే. తెల్లగా, ఉప్పు లేకుండా, రెడ్డెప్ప బట్టీలో వేగిన బొరుగులు.

"అడుగున ఇసకలో కలిసినవైనా లేవా అన్నా? నేనే జల్లించుకుంటా," అంది కాసింబీ, చేతిలోని గుడ్డసంచీ నలుపుకుంటూ.

రెడ్డెప్ప బట్టీ వైపు చెయ్యి చూపించాడు. మంగలంలో ఇసుక చల్లగా పడి ఉంది. దాని మీద పిల్లి పడుకుని లేచిన గుంత కూడా ఉంది.

"వడ్లుంటే గదా తల్లీ బొరుగులు. తాసిల్దారు మనుషులు వచ్చి గాదె ఊడ్చుకోని పోయినారు. నేనే కూలికి పోతాండా." ఆమె ముఖం చూసి లోపలికి పోయి, పెండ్లాం పిల్లలకని దాచిపెట్టిన బొరుగులు తెచ్చి సంచీలో పోశాడు. సంచీ అడుగు కూడా నిండలేదు. "ఇవి అయిపోయినంక యాడ తెస్తావు? మదనపల్లిలో దొరుకుతాయంట, తెప్పించుకోరాదా?"

"తెప్పించినా. ఉప్పు తగిలినాయని ముట్టల్యా."

"ఆకలైతే అదే తింటాది లేమ్మా. కడుపు కాలితే బిడ్డలు ఆగుతారా?"

ఈ మాట అనని మనిషి పుంగనూరులో లేడు. ఏ మహానుభావుడు కనిపెట్టాడో గానీ, ఆయన బిడ్డలకు అది నిజమై ఉంటుంది. మైమూనాకు కాదు. సంగటి వాసన తగిలితే చాలు, ఆ పిల్లకు పేగులు నోట్లోకి వస్తాయి. అన్నం మెతుకు వేలికి అంటితే వేలు తెగినట్టు అరుస్తుంది. పోయినేడు ఎవరో చెప్పారని ముక్కు మూసి పాలు పోస్తే, ఆ తర్వాత కొన్నాళ్లు నీళ్ల చెంబు చూసినా గోడకు తల కొట్టుకుంది. మాట రాదు. పిలిస్తే తిరిగి చూడదు. గాలి సోకిందని కొందరు, పిచ్చిదని కొందరు, తల్లి గారాబమని అందరూ. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని కాసింబీ ఎవరికీ ఏమీ చెప్పుకోదు.

ఇంటికి వచ్చి సత్తు పళ్లెంలో చారెడు బొరుగులు పోసింది. మైమూనా వచ్చి కూర్చుని, ఒక్కొక్క బొరుగునూ వెలుతురుకు పట్టి చూసి, వాసన చూసి, పళ్లెం అంచు వెంబడి వరుస పెట్టడం మొదలుపెట్టింది. మాడినది పక్కకు పోయింది. విరిగినది పక్కకు పోయింది. వరుస పూర్తయ్యాక మొదటి చివర నుంచి ఒక్కొక్కటే నోట్లో వేసుకుని, ముందుకూ వెనక్కూ ఊగుతూ నమిలింది. మామూలుగా అయితే ఇంత ప్రయాసపడి తినేది మూడు పళ్లేలు. ఈరోజు ఒక్కటే. అయిపోయాక ఖాళీ పళ్లాన్ని చాలాసేపు చూసి, దాన్ని బోర్లించి, దాని మీద వేలితో గీతలు గీస్తూ కూర్చుంది.

గడప దగ్గర అత్త పీరాంబీ తసబీ పూసలు తిప్పుకుంటూ ఇదంతా చూస్తూనే ఉంది. రంజాను మొదలై వారం కాలేదు. "ఈ నెల్లో అల్లా అందరికీ ఆకలి నేర్పిస్తాడు. దీనికీ నేర్పించనీలే," అంది.

"దానికి నేర్పించాల్సింది ఆకలి కాదత్తా, తిండి," అంది కాసింబీ. అని సంచీ మూతి కట్టేసింది. అత్తకు ఎదురు చెప్పే అలవాటు ఆమెకు లేదు.

*

ఆ అబద్ధం పుట్టినప్పుడు కాసింబీ సేమియా మిషను తిప్పుతూ ఉంది. ఏటా రంజానుకు అలావుద్దీన్ సేటు తన మిషనూ, గోధుమపిండీ ఇచ్చి పండుగ సేమియా ఆమె చేత తీయిస్తాడు. బల్లకు బిగించిన ఇత్తడి మిషను అది. నీళ్లతో గట్టిగా కలిపి, తడిగుడ్డ కింద నానబెట్టిన పిండిని ఎడమచేతి బొటనవేలితో పైన కుక్కుతూ, కుడిచేత్తో పిడి తిప్పితే, కింద చిల్లుల్లోంచి దారాలు దిగుతాయి. మూరెడు దిగగానే మునివేళ్లతో తెంపి, అంటుకోకుండా విదిలించి, పెరట్లో గుడ్డ చుట్టిన వెదురు కర్ర మీద ఆరేయాలి. పిడి తిరుగుతున్నంతసేపూ మైమూనా దాని ఎదుటే గొంతుక్కూర్చుని, చక్రం వైపు చూస్తూ సన్నగా కూనిరాగం తీస్తుంది. ఆ పిల్ల కుదురుగా ఉండేది అప్పుడే.

పక్కింటి ఘని పెండ్లాం జులేఖా నిప్పు కోసం వచ్చింది. చేతిలో బెల్లంముక్క ఉంటే మైమూనాకు ఇవ్వబోయింది. పిల్ల పెదాలు బిగించి ముఖం తిప్పేసుకుంది.

"యాల తినవే? ముఖం సూడు ఎట్ల పీక్కపోయిందో. పొద్దున్నించి ఏం తినిందీ బిడ్డ?"

"ఏమీ తినల్యా," అంది పీరాంబీ.

"ఏమీ తినల్యా? నీళ్లు గూడానా?" జులేఖా కళ్లు పెద్దవయ్యాయి. "ఒక్కపొద్దు గాని ఉండాదా ఏంది?"

ఎగతాళికే అంది. పీరాంబీ వేళ్లు తసబీ మీద ఆగిపోయాయి. మనవరాలి వల్ల ఆ ముసలిదాన్ని ఎవరూ పెండ్లికి పిలవరు. పిలిచినా, "ఆ పిల్లను ఇంట్లో విడిచిపెట్టి రా" అని పిలుస్తారు. ఇన్నేళ్లుగా ఈ గడపలోకి వచ్చిన ప్రతి ఆడదీ జాలి ముఖమే పెట్టింది. మొదటిసారి ఒక ముఖం ఇంకోరకంగా వెలుగుతోంది. ముసలిది ఆ వెలుగు ఆరిపోకుండా చూసుకుంది.

"ఊ," అంది. "ఉండాది. ఎవరూ చెప్పల్యా. దానంతట అదే."

మిషను పిడి ఆగింది. కాసింబీ అత్త వైపు చూసింది. అత్త కోడలి వైపు చూడలేదు. ఈలోగా జులేఖా చెంపలు వేసుకోవడం, మైమూనా తల నిమిరి ఆ చెయ్యి కళ్లకు అద్దుకోవడం, నిప్పు మరిచిపోయి వీధిలోకి పరిగెత్తడం అయిపోయింది. అబద్ధం చెప్పిన నోరు ఒకటి, మోసిన నోళ్లు వంద.

"అత్తా! దానికి తినేదానికి లేక గదా..."

"నువ్వు నోరు మూసుకో. ఒక్క నెల. ఒక్క నెల నా మనవరాలు పిచ్చిది గాకుండా ఉండనీ."

సాయంత్రానికి వీధి వీధంతా గడప ముందు ఉంది. మాట రాని పిల్ల, లోకం తెలియని పిల్ల, ఎవరూ చెప్పకుండా రోజా పట్టింది. అల్లా ఎవరి గుండెలో ఏం రాస్తాడో ఎవరికి తెలుసు? నిన్నటిదాకా తమ పిల్లల్ని దాని పక్కన కూర్చోనివ్వని తల్లులు, చంటిబిడ్డల్ని తెచ్చి దాని చెయ్యి తాకించారు. మైమూనా చెవులు మూసుకుని ఊగుతోంది. అల్లా పేరు తలుచుకుంటూ జికిర్ చేస్తోందన్నారు. ఇక చెప్పేదేముంది! అలావుద్దీన్ సేటు పెండ్లాం ఫాతిమాబేగం బండి కట్టించుకుని వచ్చి, పీరాంబీ పక్కన చాప మీద కూర్చుంది.

"మొదటి రోజా పండగ మా ఇంట్లో చేస్తాం. వచ్చే శుక్రవారం. కొత్తబట్టలు, పూలదండ, గంజి, ఖర్జూరం అంతా మాదే. కాదనొద్దు."

పీరాంబీ ఏడ్చింది. సంతోషంతో నిజంగానే ఏడ్చింది.

*

ఆ రాత్రి కాసింబీ ఒక తెలివితక్కువ పని చేసింది. సంచీలో బొరుగులు అడుగంటుతున్నాయి. మిషను కింద రాలిన సేమియా తుంపుల్ని బొరుగంత ముక్కలు చేసి, బొరుగుల్లో కలిపి పెట్టింది. తెలుపూ తెలుపే, కరకరా కరకరే, పిల్లకేం తెలుస్తుందిలే అనుకుంది. మైమూనా మొదటి తుంపు దగ్గరే ఆగింది. వెలుతురుకు పట్టి చూసింది. పళ్లెం ఎగిరి గోడకు తగిలింది. ఆ తర్వాత మంచి బొరుగులు పోసినా నమ్మలేదు. ఒక్కొక్కటీ వాసన చూసి, చూసి, అన్నీ తోసేసి, ఆకలితోనే గోడ వైపు తిరిగి పడుకుంది. ఉన్న ఒక్క తిండి మీదా నమ్మకం పోగొట్టాననుకుని కాసింబీ నేల మీది బొరుగులు ఏరుతూ కుళ్లి కుళ్లి ఏడ్చింది. పగలు మంచినీళ్లు కూడా పెరటి తలుపు మూసి తాగించాల్సి వస్తోంది. రోజా పిల్ల కదా మరి.

మరుసటి రోజు నుంచి మోసం మానేసింది. ఆరిన సేమియా దారాలు కొన్ని తెచ్చి పెరటి గదిలో నేల మీద, పిల్లకు దూరంగా పెట్టి, తన పని తాను చేసుకుంది. తినమనలేదు. చూడమని కూడా అనలేదు. మైమూనా చాలాసేపటికి కాలి బొటనవేలితో ఒక దారాన్ని కదిలించింది. పొడుగునా చూసింది. చేత్తో తీసుకుని వంచితే టిక్కుమని విరిగింది. ఆ చప్పుడు నచ్చింది. ఇంకొకటి. టిక్కు. ఇంకొకటి. కాసింబీ ఎదురుగా కూర్చుని తానూ విరిచింది. తల్లీ కూతురూ ఆ మధ్యాహ్నమంతా సేటు సేమియా విరుచుకుంటూ కూర్చున్నారు. మైమూనా విరిచిన ముక్కల్ని వరుస పెట్టింది. అన్నీ ఒకే పొడుగు. బొరుగుల పళ్లెం అంచునే ఆ వరుస మొదలైంది.

ఆ తర్వాతి రోజు వరుసలోంచి ఒక ముక్క తీసి మైమూనా వాసన చూసింది. పెదవికి తాకించి పెట్టేసింది. అక్కడే ఆగిపోయింది. దాన్ని నోట్లో వేసుకోవచ్చని ఎలా చెప్పడం? మాటలు ఆ పిల్ల చెవిలో దూరవు. తిని చూపించాలి. తనకు ఒక్కపొద్దు. రాత్రి పూట చూపిద్దామంటే వానల కాలపు చెమ్మకు సేమియా మెత్తబడుతుంది, విరిగితే చప్పుడు రాదు, చప్పుడు లేనిది ఆ పిల్ల ముట్టదు. బుద్ధి తెలిసినప్పటి నుంచి కాసింబీ ఒక్క రోజా పోగొట్టుకోలేదు, మైమూనా కడుపులో ఉన్నప్పుడు తప్ప. తలుపు గడియ వేసింది. "యా అల్లా, పండగైనంక దీనికి బదులు ఇంకో ఒక్కపొద్దు ఉంటా," అని మనసులో అనుకుని ఒక ముక్క నోట్లో వేసుకుని కరకరా నమిలింది. నమిలేటప్పుడు కూతురు ఆమె దవడ మీద చెయ్యి పెట్టింది. చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో వేళ్లతో వెతికింది. కాసింబీ ఇంకొకటి నమిలింది. కన్నీళ్లు దిగి నోట్లోకి పోతున్నా నములుతూనే ఉంది.

గురువారం నాడు మైమూనా ఒక ముక్కను నోట్లో పెట్టుకుంది. నాలుక మీద ఉంచుకుని, ఆలోచిస్తున్నట్టు కళ్లు పైకి పెట్టి, ఉమ్మేసింది. ఉమ్మినదాన్ని మళ్లీ తీసి చూసింది. పారేయలేదు. సంచీలో ఆఖరి బొరుగులు ఆ రాత్రితో అయిపోయాయి. కానీ కాసింబీ భయపడలేదు. ఇంకొక్క మెట్టు, అంతే. తొందరపెట్టకుండా నాలుగు రోజులు ఎవరూ ఈ పిల్ల జోలికి రాకుండా ఉంటే చాలు, గట్టెక్కుతుంది.

కానీ రేపే పండుగ.

*

కుప్పం వైపు పల్లెల్లో కళాయికి పోయిన గఫూరు గురువారం రాత్రి దిగాడు. దారిలోనే వార్త అందింది. బస్సులో పలమనేరు వాడెవడో, "ఆ ఒక్కపొద్దు పాప తండ్రివి నువ్వేనంట గదా" అని లేచి చోటిచ్చాడట. కొలిమి తిత్తీ, కళాయి నవసారం మూటా గడపలోనే దించి, కూతుర్ని ఎత్తి భుజం మీద కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా పోయి వచ్చాడు. ఏడేళ్లలో వీధిలో కూతుర్ని ఎత్తుకోవడం అదే మొదటిసారి. మైమూనా ఏడవలేదు. తండ్రి తలపాగా మీద వేలితో గీతలు గీసుకుంటూ కూర్చుంది.

కాసింబీ చెప్పాలనుకుంది. అతను తిరిగి వచ్చి కూర్చుని, మసి పట్టిన వేళ్లతో పిల్ల జుట్టు సరిచేస్తూ ఉంటే, పక్కన కూర్చుని మెల్లగా అంది. "అది ఒక్కపొద్దు కాదు. బొరుగులు లేక పస్తుండాది. నీకు తెలీదా, ఎంత చిక్కిపోయిందో సూడు."

"కళాయికి తగరం దొరకడం లేదు. పని లేదు," అన్నాడు గఫూరు. "యాడికి పోయినా పిచ్చిదాని తండ్రి అంటారు. ఈ పొద్దు ఒకడు నాకు లేచి చోటిచ్చినాడు మే." తలపాగా విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. "రేపొక్కటి కానీ. ఎల్లుండి మదనపల్లి ఆస్పత్రికి తీసుకపోదాం. ఒట్టు."

అతని ముఖం చూశాక కాసింబీ లేచి పిల్లకు పక్క పరిచింది. ఒక్క రోజే కదా అనుకుంది. ఆ మాట తనూ అనుకుంది!

*

శుక్రవారం పొద్దున కొత్తబట్టలు వచ్చాయి. జరీ అంచు గుచ్చుకుంటుందని మైమూనా గింజుకుంది. పీరాంబీ, జులేఖా పట్టుకుని తొడిగారు. ఏడుపు ఆగడానికి కాసింబీ పిల్ల గుప్పిట్లో కొన్ని సేమియా ముక్కలు పెట్టింది. వెంటనే శాంతించింది. రోజంతా ఆ గుప్పిట తెరవలేదు. తల దువ్వినా, సేటు బండిలో ఎక్కించినా బిగించే ఉంచుకుంది.

సేటు ఇంటి వసారాలో పరదా కట్టారు. అవతల మగవాళ్లు, ఇవతల ఆడవాళ్లు. నడుమ ఎర్ర పరుపు వేసిన కుర్చీలో మైమూనాను కూర్చోబెట్టి, మెడలో ముద్దబంతి, మల్లె కలిపిన దండ వేశారు. దండ చెంపల దాకా వచ్చింది. అగరుబత్తి పొగ, అత్తరు, బంతిపూల ఘాటు. ఏ ఒక్కటి తగిలినా పెద్దగా ఏడ్చే పిల్ల, అన్నీ కలిసి మీద పడేసరికి కట్టెలా బిగుసుకుపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ ఎక్కడా ఆనడం లేదు.

"సూడండమ్మా ఆ నిబ్బరం," అంది ఫాతిమాబేగం. "మన పిల్లోళ్లు ఈ పొద్దుకి గంజి గంజి అని పాకులాడతారు."

పొద్దు ఇంకా వాలలేదు. ఒక్కపొద్దు విడిచే మసీదు నగారా మోగడానికి చాలా టైముంది. మసీదులో నమాజు చేయించే హజరత్ పరదా అవతల దువా చదువుతున్నారు. ఆడవాళ్లు తలల మీద కొంగులు కప్పుకుని చేతులు చాచారు. అంతమంది ఒక్కసారిగా నోళ్లు మూసేసరికి వసారా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం మైమూనాకు హాయి అనిపించింది కాబోలు, బిగుసుకున్న భుజాలు కిందికి దిగాయి. మెల్లగా ఊగడం మొదలుపెట్టింది. గుప్పిట తెరిచింది. అరచేతి చెమటకు అంటుకున్న ముక్కల్ని ఒక్కొక్కటీ తీసి, ఒళ్లో జరీ అంచు వెంబడి వరుస పెట్టింది. మొదటి చివర నుంచి ఒకటి తీసింది. నోట్లో వేసుకుంది.

కాసింబీ చూస్తూ ఉంది. పిల్ల ఉమ్మలేదు. నమిలింది. మింగింది. రెండోది తీసింది.

ఏం చెప్పాలి ఆ తల్లి సంతోషం! పుట్టిన ఏడేళ్లకు, ఎవరూ పెట్టకుండా, ఎవరూ ముక్కు మూయకుండా, తనంతట తాను ఆ పిల్ల కొత్త తిండి తింటోంది. దువా, పరదా, సేటు ఇల్లు, రంజాను, అన్నీ మరిచిపోయి కాసింబీ అరిచేసింది.

"తినింది! నా బిడ్డ తినింది!"

దువా ఆగింది. అన్ని కొంగుల కింది నుంచీ అన్ని తలలూ తిరిగాయి. మైమూనా మూడోది నములుతోంది, కరకరా.

"హాయ్ అల్లా, ఒక్కపొద్దు ఇడిసేసింది!" అని ఎవరో కేక వేశారు. పీరాంబీ లేచింది. ఆ ముసలి ఒంట్లో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో! ఒక చేత్తో మనవరాలి దవడలు నొక్కి, ఇంకో చేతి వేలు నోట్లో పెట్టి, ఉన్నదంతా గీకి బయటికి తీసింది. ఒళ్లో వరుసను దులిపేసింది. మైమూనా వేసిన కేక వీధిలో ఎద్దుల్ని బెదరగొట్టింది. కుర్చీ చెక్కకు తల కొట్టుకుంది, మళ్లీ కొట్టుకుంది. కాసింబీ వెళ్లి తన అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆ దెబ్బలన్నీ అరచేతికి తగిలాయి.

పరదా అవతల నుంచి హజరత్ గొంతు వినబడింది. "గొడవ యాల? ఏడేండ్ల బిడ్డకు రోజా ఫర్జు కాదు. తింటే తప్పు ల్యా. తిననీయండి." నిదానంగా, మంచిగా చెప్పారు. ఆ మాట పరదా దాటి వచ్చింది గానీ ఎవరి చెవికీ చేరలేదు.

"బిడ్డకు తప్పు లేదు, సరే," అంది ఫాతిమాబేగం. "పెట్టిన చేతికి? సేమియా యాడ నుంచి వచ్చె దాని చేతిలోకి? తినిందీ తినిందీ అని ఎగిరినావే, ఎవురు పెట్టినారు?"

కాసింబీ అత్త వైపు చూసింది. ముసలిది వద్దు, చెప్పొద్దు అని కళ్లతోనే బతిమాలుతోంది. పరదా కింద గఫూరు పాదాలు కనబడుతున్నాయి, కదలకుండా. ఈ పిల్ల ఏనాడూ రోజా ఉండలేదని చెబితే ముసలిది అబద్ధాలకోరు, గఫూరు ఊరంతటికీ నవ్వులాట, మైమూనా మళ్లీ పిచ్చిది. రేపటి నుంచి రాళ్లేసే పిల్లలు కూడా ఉంటారు.

"నేనే పెట్టినా," అంది.

"తెలిసే పెట్టినావా?"

"తెలిసే పెట్టినా. చూడల్యాక."

దండ తీసేయడానికి ఎవరో వచ్చారు. పిల్ల మెడలోంచి తీస్తూ, "పాపం, బంగారట్లాంటి బిడ్డ. తల్లే దానికి సైతాను," అంది ఆ మనిషి.

*

గఫూరు తెల్లవారకముందే తిత్తి భుజాన వేసుకుని కుప్పం బస్సుకు వెళ్లిపోయాడు. పెండ్లాంతో మాట్లాడలేదు. ఆస్పత్రి మాట ఎత్తలేదు. పీరాంబీ తన చాప తీసుకుని వసారాలోకి మారింది. వీధిలో ఎవరూ ఈ గడప తొక్కలేదు. పోనీలే, అదే మంచిదనుకుంది కాసింబీ. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిల్ల నోరు పుండైంది గానీ, పొద్దెక్కేసరికి పెరటి గదిలోకి వచ్చి కూర్చుని నేల మీద వేలితో వెతకడం మొదలుపెట్టింది. కాసింబీ వెదురు కర్ర మీద నుంచి నాలుగు దారాలు తెచ్చి దూరంగా పెట్టింది. టిక్కు. వరుస. చాలాసేపటికి, ఒకటి నోట్లోకి పోయింది. పుండు మంటకు ముఖం ముడుచుకుంది గానీ నమిలింది. అప్పుడు తలుపు తట్టారు.

సేటు గుమాస్తా వరదరాజులు. వెనక బండివాడు.

"మిషను, పిండి, ఆరినవి, ఆరనివి, అన్నీ తీసకరమ్మన్నారు," అన్నాడు నేల చూస్తూ. "ఒక్కపొద్దు ఇడిపించిన చేత్తో చేసిన సేమియా పండక్కి వద్దన్నారు అమ్మగారు. ఇవి కూలోళ్లకి, ఫకీర్లకి ధర్మం చేసేస్తారంట. నన్నేం అనొద్దమ్మా."

"పిండి తీసుకోపోన్నా. ఆరినవి ఒక్క చారెడు ఇడిసి పో. బిడ్డకి."

"సేటు సరుకు. నేనెట్ల ఇచ్చేది తల్లీ?"

బండివాడు మిషను విప్పాడు. కర్రల మీది సేమియా బుట్టలకెత్తాడు. మైమూనా లేచి వచ్చింది. బుట్ట చూసింది. వరదరాజులు మణికట్టు పట్టుకుని, అతని చేతిని తీసుకుపోయి బుట్ట మీద పెట్టింది. పుట్టినప్పటి నుంచి ఆ పిల్ల ఎవరినీ ఏమీ అడిగి ఎరుగదు. వరదరాజులు బెదిరిపోయి చెయ్యి లాక్కున్నాడు. "పట్టుకోమ్మా బిడ్డని," అన్నాడు. బండి కదిలింది. పిల్ల బండి వెనకాలే నడిచింది.

కాసింబీ పట్టుకోలేదు. పట్టుకుని ఇంట్లోకి తెచ్చి ఏం పెట్టాలి? నెత్తిన కొంగు కప్పుకుని తనూ నడిచింది. తలుపుల సందుల్లోంచి వీధి చూసింది. సేటు ఇంటి మెట్ల ముందు రంజాను ధర్మం కోసం వచ్చినవాళ్లు బారులు తీరి కూర్చుని ఉన్నారు. రామసముద్రం వైపు నుంచి కరువుకు దిగిన కూలీలు, కుంటివాళ్లు, ముసలివాళ్లు. మైమూనా వాళ్లను దాటి నేరుగా బుట్ట దగ్గరికి పోయింది. ఫాతిమాబేగం బయటికి వచ్చి తల్లీకూతుళ్లను చూసి ముఖం ముడుచుకుంది.

"పని అడగొద్దు. ఇచ్చేది ల్యా."

"పని అడగల్యా అమ్మా." కాసింబీ మెట్టు కింద కూర్చుని కొంగు పరిచింది. "ధర్మం అడుగుతాండా."

ఫాతిమాబేగం ముఖం మెత్తబడింది. ఎంతైనా పుణ్యాత్మురాలు. ఈ నెలలో చెయ్యి చాచిన మనిషిని లేదని పంపితే పట్టిన రోజాలన్నీ గంగపాలని ఆమెకు తెలుసు. బుట్టలోంచి రెండు చేతులా సేమియా తీసి కాసింబీ కొంగులో పోసింది. కాసింబీ పొద్దంతా తిప్పిన సేమియా, ఆమె వేళ్లతో తెంపి ఆరేసిన సేమియా.

"మా ఇంటాయనకి, బిడ్డలకి దువా చెయ్యి," అంది. "పండగ దాకా రోజూ రా. పోస్తాలే."

మైమూనా మెట్టు మీద కూర్చుంది. వరుస పెట్టి, నిండు పగటి పూట, సేటు ఇంటి వాకిట్లో, వీధిలో పోయేవాళ్లందరి ఎదుటా కరకరా నమిలింది. జులేఖా కడవతో అటే పోయింది. నిన్న కేకలు వేసిన ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు పోయారు. ఒక్కరూ నోరు తెరవలేదు. అడుక్కునేవాళ్ల బిడ్డ ఒక్కపొద్దు ఉందో లేదో ఎవరు చూస్తారు?

పక్కనున్న ముసలామె కాసింబీ కొంగు వైపు చూసి, "కొత్తగా వచ్చినట్లుండావే," అంది. "రేపు పెందలాడే రా. ముందర కూసున్నోళ్లకే ఎక్కువ పడతాది."

కాసింబీ తలూపి, కూతురు కాళ్లకు ఎండ తగలకుండా కొంచెం ఇటు జరిగి కూర్చుంది.